అత్త తాగి చూసిన నీళ్లు

నీళ్లమ్ముకునే ఇంటికి కోడలిగా వెళ్తున్నానని తెలిసినప్పుడు మా పిన్ని, "ఇంకేం, లోకానికి ఎండాకాలమైతే మీకు కోతల కాలం" అంది. ఎగతాళికే అన్నా అందులో అబద్ధం లేదు. ఎండలు ముదిరేకొద్దీ మా ఇంట్లో కూర చిక్కబడేది. మబ్బు పడితే అత్త మొహం మాడిపోయేది. వీధి వీధంతా ఆకాశం వంక ఆశగా చూస్తుంటే మేము మాత్రం గుబులుగా చూసేవాళ్లం.

మా వీధి ఒక మిట్ట మీద ఉంది. నీళ్ల గొట్టం కింద పెద్ద రోడ్డు దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. దాన్ని పైకి ఎక్కించడానికి ఖర్చు పెట్టేవాళ్లు లేరు. వీధి మొదట్లో మా ఇల్లు, ఇంటి ముందు సిమెంటు తొట్టి. మామగారు పోయాక ఇల్లు గడవడానికి అత్త కట్టించింది. మా ఆయన ట్యాంకరు డ్రైవరు. బండి వేరొకరిది, నడిపేది ఈయన. దూరాన ఉన్న బోరు దగ్గర నింపుకొచ్చి తొట్టిలో పోస్తే అత్త బిందెల లెక్కన అమ్మేది. గొట్టం పట్టుకునే పని నాది.

అత్త దగ్గర అరువు లేదు. "అరువిస్తే నీళ్లూ పోతాయి, మనిషీ పోతాడు" అనేది. కానీ బిందె అంచు దాకా నింపేది. నురగ తగ్గాక వెలితి కనిపిస్తే ఇంకో చెంబు పోసేది. ఆవిడకు ఇంకో పద్ధతి కూడా ఉండేది. ట్యాంకరు నీళ్లు తొట్టిలో పడగానే గ్లాసు ముంచి, అందరి ముందూ నిలబడి తాగేది. కళ్లు మూసుకుని, గుటక వేసి, కాసేపు ఆగి "ఊఁ" అంటే అప్పుడు మొదటి బిందె ముందుకు జరిగేది. ఒకసారి తాగీ తాగకముందే ఉమ్మేసి, తొట్టెడు నీళ్లూ మురిక్కాలువలోకి వదిలేసింది. ఆ రోజు మా ఆయన అలిగి అన్నం తినలేదు. వీధి మాత్రం ఆ సంగతి ఏళ్ల తరబడి చెప్పుకుంది. ఎవరి మాట మీదైనా అనుమానం ఉండేదేమో గానీ అత్త నాలుక మీద ఎవరికీ ఉండేది కాదు.

ఆ ఏడు ఎండలు ఇంకా మొదలవుతుండగానే స్కూటరు అమ్మాయి వచ్చింది. పేరు చెప్పింది గానీ మా వాళ్లకు నోరు తిరగక, స్కూటరు మీద వచ్చేది కాబట్టి అలాగే పిలిచాం. పేదవాళ్లుండే వీధులకు నీళ్లూ మరుగుదొడ్లూ ఏర్పాటు చేయడానికి డబ్బు సర్దే సంస్థలో పని చేస్తోంది. టైలరు కొట్టు అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"రోడ్డు దగ్గర నుంచి గొట్టం, ఇంటింటికీ కుళాయి, వీధి చివర మరుగుదొడ్లు, చేతులు కడుక్కోడానికి చోటు. ఖర్చులో ఎక్కువ భాగం మాది. కొంత మీది. తర్వాత నెలనెలా ఇంటికింత వేసుకుని మరమ్మతులు మీరే చూసుకోవాలి. ఒక్కటే షరతు. వీధిలో అన్ని ఇళ్లూ చేరాలి. ఒక్క ఇల్లు చేరకపోయినా డబ్బు విడుదల కాదు."

"ఒక్కళ్లు మొండికేస్తే అందరం ఎండిపోవాలా తల్లీ?" అన్నాడు టైలరు. వీధిలో పెద్దరికం ఆయనదే, వేళాకోళం కూడా ఆయనదే.

"ఇంకో చోట సగం ఇళ్లకే ఇచ్చాం బాబాయ్. కట్టనివాళ్లు కూడా వచ్చి పట్టుకుంటున్నారని కట్టేవాళ్లు మానేశారు. మోటారు చెడిపోతే బాగు చేయించే దిక్కు లేదు. ఇప్పుడు ఆ కుళాయిలకు తాళ్లు కట్టి బట్టలు ఆరేసుకుంటున్నారు. ఉన్న డబ్బు కొంచెం, అడిగే వీధులు బోలెడు. మళ్లీ అలా పారబొయ్యమంటే మావాళ్లు ఒప్పుకోరు. వానలు మొదలయ్యేలోగా మీ మాట చెప్పండి."

అందరి చూపులూ మా అత్త మీదికి తిరిగాయి. అత్త లేచి, చీర దులుపుకుని, ఇంటికి వచ్చేసింది.

ఆ పూట అన్నాల దగ్గర మా ఆయన, "కూర్చున్న కొమ్మ నరుక్కోమంటున్నారు. పైగా గొడ్డలి ఖర్చు కూడా మనమే ఇచ్చుకోవాలంట" అన్నాడు.

"నేను చేరను" అంది అత్త. "ఆ గొట్టంలో వచ్చేవి ఎవరు తాగి చూస్తారు? ఎక్కణ్ణుంచి వస్తాయో, ఏం కలుస్తాయో ఎవడికి తెలుసు?"

డబ్బు కోసమే అంటున్నదనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆ మాట ఆవిడ మనస్ఫూర్తిగానే అన్నదని. నా మటుకు నాకు గొట్టం రావడం అస్సలు ఇష్టం లేదు. ఒకే గదిలో అత్తతో కలిసి కాపురం చేస్తున్నదాన్ని, రెండో గది వేయించుకోవాలని కలలు కంటున్నదాన్ని. ఆ గది గోడలు తొట్టిలోంచే లేవాలి.

వీధిలో ఎవరూ మాతో తగువు పెట్టుకోలేదు. పెట్టుకుంటే మర్నాడు పొద్దున బిందె ఎక్కడ పెడతారు? నవ్వుతూనే గుచ్చేవాళ్లు. టైలరు రోజూ, "పెద్దమ్మా, కుళాయి కలలోకి వచ్చిందా?" అని అడిగేవాడు. "వచ్చింది, నీ తల మీద పడింది" అనేది అత్త. మా పక్కింటి ఇస్త్రీ ఆవిడ మాత్రం ఏమీ అనేది కాదు. వీధిలో అందరి బట్టలూ మొగుడూ పెళ్లాలిద్దరూ ఇస్త్రీ చేసేవాళ్లు. బట్టల మీద చిలకరించడానికీ మా నీళ్లే. చిన్నవాణ్ణి మొగుడి దగ్గర వదిలి ఆవిడ వస్తుంటే వెనకాలే కూతురు వచ్చేది. సన్నగా ఉండేది గానీ గొంతు మాత్రం ఇంతెత్తున లేచేది. అందరూ పిచ్చుక అనేవాళ్లు. చేతిలో చిన్న చెంబు పట్టుకుని పెద్దవాళ్లతో సమానంగా వరసలో నిలబడేది. తన వంతు వస్తే, "నిండా పొయ్యి. నురగ కాదు, నీళ్లు" అని అత్తకే ఆర్డరు వేసేది.

"డబ్బులేవే?" అనేది అత్త.

"మా అమ్మ బిందె లెక్కలో కలుపుకో."

అరువు ఎరగని మా అత్త ఆ చెంబుకు ఎప్పుడూ డబ్బు తీసుకోలేదు. అడిగితే, "దాని నోటికి భయపడి పోస్తున్నా" అనేది.

ఎండలు నడినెత్తికి వచ్చిన రోజుల్లో బోరు ఎండిపోయింది. మా ఆయన తెల్లారి వెళ్లినవాడు సాయంత్రానికి ఖాళీ బండితో వచ్చాడు. వరసగా రెండు రోజులు వీధి వీధంతా ఖాళీ బిందెలతో మా తొట్టి చుట్టూ కూర్చుంది. మూడో రోజు మధ్యాహ్నం ట్యాంకరు నిండుగా వచ్చింది. వాగు పక్కన ఒక పాత బావి కనిపించిందన్నాడు. అడుగున కాదు, సగానికి పైగా నీళ్లున్నాయన్నాడు. ఆ సంబరం ఆయన మొహంలో ఇప్పటికీ నాకు కనిపిస్తుంది.

అత్త గ్లాసు ముంచింది. అందరూ ఊపిరి బిగబట్టారు. కళ్లు మూసుకుని తాగి, గ్లాసంతా ఖాళీ చేసి, మళ్లీ ముంచింది.

"ఎంత తియ్యగా ఉన్నాయో" అంది. "ఈమధ్యకాలంలో ఇలాంటి నీళ్లు తాగలేదు."

"రెండో గ్లాసు కూడా నువ్వే తాగేస్తే మాకేం మిగులుతుంది?" అన్నాడు టైలరు. అంతా నవ్వారు. ప్రతివాళ్లూ ఆ రోజు ఒక బిందె ఎక్కువే పట్టుకున్నారు. పిచ్చుక చెంబు ఇంటి దాకా తీసుకెళ్లనే లేదు. తొట్టి గట్టు మీద కూర్చుని, గౌను ముందంతా తడుపుకుంటూ, అక్కడే గటగటా తాగేసింది.

తర్వాత కొద్ది రోజుల్లో వీధిలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ముందు టైలరు తల్లికి, ఆ తర్వాత రెండిళ్లలో పిల్లలకు. ఎండ దెబ్బ అనుకున్నారు. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు తాగించారు. ఆ నీళ్లూ మావే. పిచ్చుకకు ఒక పగలంతా ఆగకుండా అయ్యింది. సాయంత్రానికి ఆ గొంతు లేదు. కళ్లు లోపలికి పోయాయి. వేళ్లు నానబెట్టినట్టు ముడతలు పడ్డాయి. ఇస్త్రీ ఆయన ఏం చేయాలో పాలుపోక మా గుమ్మంలో నిలబడ్డాడు. వీధిలో బండి ఉన్నది మా ఇంటి ముందొక్కటే. మా ఆయన ట్యాంకరు తీశాడు. తల్లి ఒళ్లో పిల్లను పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది, పక్కన నేను ఇరుక్కున్నాను. వెనక ట్యాంకులో సగం నీళ్లున్నాయి. బండి మలుపు తిరిగినప్పుడల్లా అవి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు కొట్టుకునేవి.

ఆసుపత్రిలో సెలైను ఎక్కించడానికి నరం దొరకలేదు. నర్సు పిల్ల చేతులు వెతుకుతూనే అడిగింది.

"ఏం నీళ్లు తాగుతారమ్మా మీరు?"

"మా పెద్దమ్మ నీళ్లు" అంది ఇస్త్రీ ఆవిడ. "మంచివేనండి. ముందు ఆవిడ తాగి చూశాకే మాకు పోస్తుంది."

నర్సు తలెత్తి చూసింది. "తాగి చూస్తే ఏం తెలుస్తుందమ్మా? ఉప్పో తుప్పో తెలుస్తుంది. రోగం నాలుకకు తెలీదు. తేటగా, తియ్యగా ఉన్న నీళ్లలోనూ ఉంటుంది. పెద్దవాళ్లు తట్టుకుంటారు. ఇంత పిల్లలు ఎక్కడ తట్టుకుంటారు?"

ఇస్త్రీ ఆవిడ వంక చూశాను. ఆవిడ వంగి, కొంగు తడిపి పిల్ల పెదాలు తుడుస్తోంది. ఈ మాటలేవీ చెవిన పడలేదనుకున్నాను. పడకపోతే బాగుండునని కోరుకున్నాను కూడా.

పిచ్చుక మర్నాడు మధ్యాహ్నం పోయింది.

పిల్లను సాగనంపి వచ్చిన రోజు మా ఆయన బండేసుకుని ఆ బావి దాకా వెళ్లొచ్చాడు. వచ్చి గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. "బావికి ఎగువన గుడిసెలున్నాయి. వాళ్లకు దొడ్లు లేవు. గట్టు వెనకే పోతారంతా. మొన్న నింపేటప్పుడు చూడలేదు. నీళ్లే చూశాను" అన్నాడు.

అత్తకు నర్సు అన్న మాట చెప్పాల్సింది నేనే. చెప్పాను. ఆవిడ నా మొహంలోకే చూస్తూ అంది:

"నేనూ తాగాను కదే. రెండు గ్లాసులు తాగాను. నాకేం కాలేదు."

"పెద్దవాళ్లు తట్టుకుంటారంది అత్తయ్యా."

"తియ్యగా ఉన్నాయి కదే" అంది మళ్లీ. వాదనకు అన్నట్టు లేదు. ఎవరైనా ఔనంటే చాలు అన్నట్టుంది. నేను ఔననలేకపోయాను.

మా ఆయన తల పైకెత్తాడు. "ఇది ఈ గడప దాటకూడదు. వాళ్లెవరికీ తెలీదు. ఎండ దెబ్బే అనుకుంటున్నారు. మన నోటితో మనం చెప్పుకున్నామా, రేపు ఈ ఊళ్లో నిలవనీరు."

అత్త అటు తిరిగి పడుకుంది. ఆయనకు తల్లి, నాకు అత్త. ఇద్దరం ఆవిడ నోరు విప్పకపోతే చాలుననే అనుకున్నాం.

మా ఆయన ఇంకో బోరు వెతికాడు. దూరం ఎక్కువ, నీళ్లు కాస్త చప్పన. ట్యాంకరు రాగానే ఎప్పటిలాగే వరస కట్టారు. పిల్ల పోయి పట్టుమని పది రోజులు కాలేదు, ఇస్త్రీ ఆవిడ కూడా వచ్చి నిలబడింది. పక్కన చెంబు లేదు. అత్త గ్లాసు ముంచింది. అందరూ చూస్తున్నారు. గ్లాసు నోటి దాకా వెళ్లి ఆగిపోయింది. ఒరిగిన గ్లాసులోంచి నీళ్లు మణికట్టు మీదుగా మోచేతి దాకా కారాయి.

"ఏం పెద్దమ్మా, బాగోలేవా?" అన్నారెవరో.

అత్త గ్లాసు తొట్టి గట్టు మీద పెట్టేసింది. "కాచుకు తాగండి. ఇక నుంచి నేను తాగి చూడను. నాకేం తెలీదు. కాచుకునే తాగండి."

"అన్నం వండుకోడానికే పొయ్యి మండటం లేదు. నీళ్లు కూడా కాచాలంటే ఇల్లు పీకి పొయ్యిలో పెట్టాలి" అన్నాడు టైలరు. ఈసారి ఎవరూ నవ్వలేదు. బిందెలు నిండాయి. ఆ రోజు నుంచి అత్త ప్రతి బిందెకూ అదే మాట చెప్పేది. చెవిలో జోరీగలా పోరుతోందని జనం విసుక్కునేవాళ్లు. పెద్దావిడకు పిల్ల మీద బెంగ పట్టుకుందని జాలిపడ్డవాళ్లూ ఉన్నారు. జాలిపడ్డప్పుడే ఆవిడ ఎక్కువ నలిగిపోయేది. అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి అలాగే లేచిపోయేది.

స్కూటరు అమ్మాయి ఆఖరిసారి వచ్చింది. మబ్బులు అప్పుడప్పుడే కమ్ముతున్నాయి. టైలరు అరుగు మీద వాటాలు తీసుకుంటున్నారు. నేను బియ్యం ఏరుతుంటే అత్త పెట్టె తెరిచి, నా రెండో గది కోసం దాచినదాంట్లోంచి డబ్బు తీసి కొంగున ముడి వేసుకుంది.

"అమ్మా, ఒక్కసారి ఆలోచించు" అన్నాడు మా ఆయన. "రేపట్నుంచి ఏం తింటాం?"

"నీకు చేతులున్నాయి. దానికీ ఉన్నాయి. నాకు ఇంకా కాళ్లున్నాయి" అని చెప్పులేసుకుంది.

కోపం వచ్చింది. రాలేదంటే అబద్ధం. అయినా వెనకే వెళ్లాను. మా ఆయన కూడా చొక్కా తగిలించుకుని వచ్చాడు. మేము ముగ్గురం అరుగు దగ్గరికి వెళ్లేసరికి మాటలు ఆగిపోయాయి. అత్త ముడి విప్పి, డబ్బు స్కూటరు అమ్మాయి ముందు పెట్టింది. అంతటితో పని అయిపోయింది. అన్ని ఇళ్లూ చేరినట్టే. ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. ఎవరో అప్పుడే చప్పట్లు కొట్టబోయారు.

టైలరు సంతోషం పట్టలేక నోరు జారాడు. "ఎండాకాలమంతా కరగని రాయి ఇవాళెలా కరిగిందమ్మా?"

నవ్వేసి కూర్చుని ఉంటే సరిపోయేది. మా ఆయన నా పక్కనే ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. అత్త నిలబడే ఉంది. ఇస్త్రీ ఆవిడ స్తంభానికి ఆనుకుని, మోకాళ్లు చుట్టుకుని కూర్చుని ఉంది. అత్త టైలరు వంక చూడలేదు. ఆవిడ వంకే చూసింది.

"పిల్ల ఎండ దెబ్బకు పోలేదు. నా నీళ్లు తాగి పోయింది. ఆ బావి నీళ్లు. తియ్యగా ఉన్నాయని నేనే చెప్పి పోశాను. తాగి చూస్తే తెలుస్తుందనుకున్నాను. ఇన్నేళ్లూ మీ చేత కూడా అలాగే అనుకునేట్టు చేశాను."

స్కూటరు అమ్మాయి రాస్తున్న చేయి ఆగిపోయింది. ఇస్త్రీ ఆయన తల దించుకున్నాడు. మా ఆయన నా చేయి గట్టిగా పట్టుకున్నాడు. ఇప్పుడు ఎవరు లేస్తారు, ఎవరి చేయి ముందు మా మీద పడుతుంది అని నేను చూస్తున్నాను.

ఇస్త్రీ ఆవిడ మోకాళ్ల మీంచి తలెత్తింది.

"తెలుసు పెద్దమ్మా" అంది.

అత్త ఆవిడ వైపు ఒక అడుగు వేసింది.

"ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పింది, విన్నాను. ఆ రోజు నుంచీ తెలుసు. తెలిసే వచ్చాను నీ దగ్గరికి. చిన్నవాడున్నాడు ఇంట్లో. వాడికీ నీ నీళ్లే పట్టుకెళ్లాను." ఆవిడ ఏడవలేదు. మొహం కూడా తుడుచుకోలేదు. "ఇంకెక్కడికి పోను?"

అత్త నిలబడ్డ చోటే కూలబడింది. నేను పట్టుకోబోతే చేయి విదిలించేసింది. స్కూటరు అమ్మాయి డబ్బు తీసుకుని, మెల్లగా, గొట్టం పని మొదలవడానికి ఇంకొన్ని వారాలు పడుతుందని, పైనుంచి డబ్బు రావాలని చెప్పింది. ఎంత తొందర పెడితే అంత తొందర పెడతానంది. పాపం, ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి.

మర్నాడు పొద్దున ట్యాంకరు వచ్చింది. ఎవరూ రారనుకున్నాను. ఇస్త్రీ ఆవిడ అందరికంటే ముందు వచ్చి బిందె పెట్టింది. ఆవిడ వెనక మిగతావాళ్లు నిలబడ్డారు. అత్త ఆవిడ మొహం చూడలేకపోయింది. వంగి బిందె నింపింది, వెలితి చూసి ఇంకో చెంబు పోసింది. ఆవిడ ఎత్తుకుని వెళ్లిపోయింది. గొట్టం వచ్చేదాకా రోజూ అలాగే వచ్చింది. అత్త పోసేది, ఆవిడ పట్టుకునేది. వేరే నీళ్లు లేవు.